గంజాయి మందు: కొనే ముందు, అమ్మే ముందు, చేలో వేసే ముందు

కడపలో రిమ్స్ దారిలో మాకొక మెడికల్ షాపు ఉంది. నేను ఫార్మసిస్టుని. ఈ మధ్య గంజాయి గురించి అడగని వారం లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఫోన్లో యాడ్ చూపించి "ఈ నూనె నీ తావ ఉందామ్మా?" అంటారు. కంపెనీ రెప్‌లు కౌంటర్ మీద డబ్బా పెట్టి "మేడం, పదికి రెండు ఫ్రీ" అంటారు. పసుపు ధర పడిన ఏడాదైతే మైదుకూరు, ఖాజీపేట వైపు రైతులు మందులకొచ్చి, పోతా పోతా గొంతు తగ్గించి "మెడికల్ గంజాయి వేస్తే ఎకరాకు లక్షలంట గదా?" అంటారు.

ఎవరడిగినా నేను తిరిగి అడిగేవి రెండే. మొక్కలో ఏ భాగం? ఎవరి కాగితం? ఈ రెండింటికీ జవాబు చేతిలో లేకుండా సీసా కొనకూడదు, అరలో పెట్టకూడదు, విత్తనం నేలలో వేయకూడదు. కేసు పడితే ఏం చేయాలో వకీలు చెప్పాలి, అది నా పని కాదు. కేసు దాకా పోకుండా ఏం చూసుకోవాలో మాత్రం చెప్పగలను.

ముందు మొక్క సంగతి

మన దేశంలో దీన్ని పట్టుకున్న పెద్ద చట్టం ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం. 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం మొక్కను భాగాలుగా విడదీసి చూస్తుంది. పూతా కాయా ఉన్న కొసలు గంజాయి. మొక్క నుంచి వేరుచేసిన బంక చరస్. ఆ బంకను చిక్కబరిచిన నూనె, అంటే హాషిష్ ఆయిల్, అదీ చరస్ కిందే లెక్క. కొసలు కలవని ఒట్టి ఆకు, విత్తనం మాత్రం గంజాయి నిర్వచనంలోకి రావు. ఈ సందులోంచే ఆయుర్వేద కంపెనీలు చట్టబద్ధంగా మందు చేసి అమ్ముతున్నాయి. ఆకునే భంగి అంటారు. ఆయుర్వేద సీసాల మీద ఎక్కువగా 'విజయ' అని కనిపిస్తుంది. జాతీఫలాది చూర్ణంలో పాతకాలం నుంచీ ఉండేది ఇదే.

ఇది విన్నవాళ్ళకు వెంటనే వచ్చే ఆలోచన నాకు తెలుసు. ఆకు తప్పు కాదంటే పెరట్లో ఒక చెట్టు పెట్టుకుని ఆకు కోసుకుంటే సరిపోతుంది గదా అని. సరిపోదు. గంజాయి మొక్కను పెంచడమే 8వ సెక్షన్ ప్రకారం నేరం. మినహాయింపు ఆకుకు ఇచ్చారు, చెట్టుకు ఇవ్వలేదు. ఆ ఆకు కూడా గాలికి వదిలేసింది కాదు, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తుంది. అందుకే కాశీలో సర్కారు లైసెన్సుతో భంగి దుకాణాలు నడుస్తాయి, ఇక్కడ నడవవు. కాశీయాత్రకు పోయినవాళ్ళు అక్కడ కొన్న పొట్లం సంచిలో వేసుకుని రైలెక్కడం నేను వినని కథ కాదు. దయచేసి ఆ పని చేయొద్దు.

ఇంకొకటి. మొక్కలో మత్తు తెచ్చే పదార్థం టీహెచ్‌సీ. మత్తు తేకుండా మూర్ఛ వంటి జబ్బుల్లో పనికొచ్చేది సీబీడీ. టీహెచ్‌సీని విడిగా తీస్తే అది ఎన్‌డీపీఎస్ షెడ్యూల్లో పేరున్న సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే, పదార్థం. కాబట్టి 'ప్యూర్ టీహెచ్‌సీ డ్రాప్స్' అని ఎవరైనా వాట్సాప్‌లో అమ్మజూపితే, అందులో ఆయుర్వేదమని ఎన్ని మాటలు రాసినా, నంబరు బ్లాక్ చేయండి.

"అక్కా, వైద్యానికైతే చట్టమే ఒప్పుకుంటుందంట" అని చదువుకున్న పిల్లలు వాదిస్తారు. సగం నిజం. 8వ సెక్షన్‌లో వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఉంది. కానీ అదే వాక్యంలో, చట్టమూ రూల్సూ చెప్పిన పద్ధతిలో, చెప్పినంత మేరకే, లైసెన్సో పర్మిట్టో అవసరమైన చోట దాని షరతుల ప్రకారమే అని కూడా ఉంది. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఆ రెండో సగం ఉండదు. మన జిల్లా వాళ్ళకు ఇది అర్థం చేయించడానికి నేనెప్పుడూ ఎర్రచందనం ఎత్తుకుంటా: సొంత పట్టా భూమిలో పెంచిన చెట్టైనా అటవీ శాఖ పర్మిట్ లేకుండా నరికి లారీ ఎక్కిస్తే దొంగ సరుకే.

శిక్షలు కూడా ఒకసారి చదువుకోండి. గంజాయి కిలో దాకా ఉంటే చిన్న మొత్తం: ఏడాది దాకా జైలు, 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం: 10 నుంచి 20 ఏళ్ళు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా, బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. మధ్యలో ఉంటే 10 ఏళ్ళ దాకా. చరస్‌కు ఈ గీతలు చాలా కింద ఉంటాయి: 100 గ్రాములు చిన్న మొత్తం, కిలో వాణిజ్య మొత్తం. బంకతో చేసిన నూనెకూ ఇదే కొలత అని గుర్తుంటే ఆ చిన్న సీసా అంత అమాయకంగా కనిపించదు.

2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి తీసేసింది. 27 ఓట్లు అటు, 25 ఇటు. మన దేశం తీసేయాలనే ఓటేసింది. దాన్ని పట్టుకుని "లీగల్ అయిపోయింది" అని ఇప్పటికీ వీడియోలు వస్తున్నాయి. తీసింది ఒక జాబితా నుంచే. 1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒప్పందంలోని మొదటి షెడ్యూల్లో గంజాయి అలాగే ఉంది, ఆ ఓటు వల్ల మన చట్టంలో ఒక్క అక్షరం మారలేదు.

సీసాను చేతిలోకి తీసుకుని చదవడం

కొనేవాళ్ళకు అసలు పని ఇక్కడే. అద్దాలు పెట్టుకుని, తొందరపడకుండా చదవండి. అక్షరాలు చీమతలకాయల్లా ఉంటాయి, ఫోన్ కెమెరాతో పెద్దవి చేసుకోండి.

'ఆయుర్వేదిక్ మెడిసిన్' అనే మాట ఉందా? లేకుండా 'వెల్‌నెస్ ఆయిల్', 'రిలాక్స్ డ్రాప్స్' అని మాత్రమే ఉంటే అక్కడే ఆగండి. తర్వాత తయారీ లైసెన్సు నంబరు. దాన్ని 'మాన్యుఫాక్చర్డ్ బై' అన్న కంపెనీ పేరు పక్కన వెతకాలి. పెద్ద అక్షరాల్లో కనిపించేది 'మార్కెటెడ్ బై', వాళ్ళు బొమ్మ వేసి అమ్ముకునేవాళ్ళు. మందు ఉడికించినవాళ్ళు కింద చిన్న అక్షరాల్లో ఉంటారు. లైసెన్సు ఉండాల్సింది వాళ్ళకు. ఆయుర్వేద తయారీ లైసెన్సును ఆ రాష్ట్రపు ఆయుష్ లైసెన్సింగ్ అధికారి ఇస్తారు, అది 25-డి ఫారం.

ఆ తర్వాత దినుసుల పట్టిక. కానబిస్ సటైవా అని శాస్త్రీయ నామం, ఎన్ని మిల్లీగ్రాములు, మొక్కలో ఏ భాగం. 'లీఫ్' అని ఉండాలి. భాగం చెప్పకుండా 'హెంప్ ఎక్స్‌ట్రాక్ట్' (హెంప్ అంటే ఇదే మొక్క) అని వదిలేస్తే నేను ఆ సీసా తీసుకోను. 'ఫ్లవర్', 'రెసిన్' అని గర్వంగా రాసుకున్న సీసాలు కూడా కొరియర్‌లో వస్తుంటాయి. అవి రాసినవాళ్ళు ఎక్కడో ఉంటారు, సంతకం పెట్టి పార్శిల్ తీసుకున్న మీరే ముందు దొరుకుతారు.

నేను ముందుగా వెతికేది మాత్రం హెచ్చరిక వాక్యం. డ్రగ్స్ రూల్స్, 1945లో షెడ్యూల్ ఇ(1) అని ఒక జాబితా ఉంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మందుల్లో విషగుణమున్న దినుసులన్నీ అందులో ఉంటాయి. నల్లమందు, వత్సనాభి, నల్లజీడి గింజ, ఉమ్మెత్త, వాటితోపాటు భంగి. వీటిలో ఏది ఉన్న కడుపులోకి తీసుకునే మందు మీదైనా, జాగ్రత్త, వైద్యుని పర్యవేక్షణలో వాడాలి అనే వాక్యం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలి. తెలుగులో ఉండాలని రూల్ లేదు. మా షాపుకొచ్చే పెద్దమ్మలకు ఆ రెండు భాషలూ రావు. కాబట్టి నేను పెన్నుతో డబ్బా మీద తెలుగులో రాసిస్తా. మిగతా షాపులవాళ్ళూ రాస్తే వాళ్ళ సొమ్మేం పోదు.

బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఎలాగూ చూస్తారు. ఆ బ్యాచ్ నంబరుతో ఇంకో పని ఉంది. మంచి కంపెనీలు ప్రతి బ్యాచ్‌కూ ల్యాబ్ రిపోర్టు పెడతాయి, డబ్బా మీది క్యూఆర్ కోడ్ కొడితే తెరుచుకుంటుంది. అందులో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత, సీసం, పాదరసం లాంటి లోహాలు ఎంత, పురుగుమందుల అవశేషాలు ఎంత అని ఉండాలి. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా రిపోర్టు మీది బ్యాచ్, సీసా మీది బ్యాచ్ ఒకటే అయ్యుండాలి. ఎప్పుడో ఒక బ్యాచ్‌కు చేయించిన రిపోర్టును అన్ని డబ్బాలకూ అతికించేవాళ్ళు ఉన్నారు.

మిల్లీగ్రాముల లెక్కలో మోసపోయేవాళ్ళు ఎక్కువ. 30 మిల్లీలీటర్ల సీసా మీద '1500 ఎంజీ' అని పెద్దగా ఉందనుకోండి. అంటే మిల్లీలీటరుకు 50. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి చుక్కకు రెండున్నర మిల్లీగ్రాములు. కానీ దేంట్లో రెండున్నర? ఆ 1500 ఆకు సారం మొత్తానిది కావచ్చు, సీబీడీది కాకపోవచ్చు. డాక్టరు సీబీడీ ఇన్ని మిల్లీగ్రాములని రాస్తే, సారం లెక్కతో చుక్కలు వేసుకుంటే మందు తక్కువ పడుతుంది. టీహెచ్‌సీ ఎక్కువున్న సీసా అయితే తల తిరిగి మంచం దిగలేరు. చుక్కల లెక్క డాక్టరు చేతే చీటీ మీద రాయించుకోండి.

సూపర్ మార్కెట్‌లో దొరికే హెంప్ గింజలు, గింజల నూనె, పిండి వేరే సంగతి. అవి తిండి సరుకు. 2021 నవంబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటికి అనుమతి ఇచ్చింది, గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 దాటకూడదని గీత గీసింది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూసుకుని కొనుక్కోవచ్చు. వాటితో నొప్పులు తగ్గుతాయని అమ్మితే నమ్మొద్దు. ఆ గింజలు తెచ్చి కుండీలో వేసి మొలకలొస్తాయేమో చూద్దామని సరదా పడొద్దు. గింజ తిండి, మొలక నేరం.

చీటీ ఎవరు రాయాలి

బీఏఎంఎస్ చదివి, రాష్ట్ర రిజిస్టర్‌లో పేరున్న ఆయుర్వేద వైద్యులు. చీటీ మీద వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఊళ్ళో సూది వేసే ఆరెంపీ రాసింది చెల్లదు. ఆయన ఎంత మంచివాడైనా, అర్ధరాత్రి తలుపు తీసేవాడైనా సరే. కంపెనీ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాలు వీడియో కాల్ మాట్లాడి చీటీ పంపే డాక్టర్లున్నారు. మీ పాత మందుల గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా సీసా రాసేస్తే ఆ చీటీకి విలువ లేదని నా అభిప్రాయం.

పాత మందుల గురించి ఎందుకంటున్నానంటే సీబీడీ లివర్‌లో చాలా మందుల దారికి అడ్డం పడుతుంది. గుండె వాల్వు మార్పిడి అయినవాళ్ళు వేసుకునే వార్ఫరిన్ రక్తంలో పెరిగిపోయి రక్తస్రావం దాకా పోవచ్చు. మూర్ఛకు క్లోబజామ్ వాడేవాళ్ళకు మత్తు నిద్ర ముంచుకొస్తుంది. మూర్ఛకే వాడే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ పరీక్షల్లో తేడా వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇంట్లో స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బున్నవాళ్ళు దీని జోలికే పోకూడదు. పిల్లలకు నరాల డాక్టరు చెప్పకుండా ఒక్క చుక్క వేయొద్దు. టీహెచ్‌సీ ఉన్న మందు వేసుకుని బండి తోలొద్దు. కడుపులోకి పోయే మందు పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పని చేయలేదని మళ్ళీ వేసుకునేవాళ్ళే ఎక్కువగా ఆస్పత్రికి వస్తారు.

ఇది దేనికి పనికొస్తుంది అంటే, గట్టి రుజువు ఉన్న జాబితా చిన్నది. చిన్నపిల్లల్లో వచ్చే డ్రావే, లెనాక్స్-గాస్టో అనే మొండి మూర్ఛలకు సీబీడీ మందును అమెరికాలో 2018 జూన్‌లో ఆమోదించారు. కీమోతో వచ్చే వాంతులకు డ్రోనాబినాల్ (ల్యాబులో చేసిన టీహెచ్‌సీ) అక్కడ 1985 నుంచీ ఉంది. కొన్ని రకాల నొప్పుల్లో కొంత ఉపశమనం. క్యాన్సర్‌ను కరిగించిందని మాత్రం రుజువు లేదు. మనిషిని పోగొట్టుకునే భయంలో ఉన్నవాళ్ళకే ఆ మాట చెప్పి అమ్ముతారు, అదే నాకు ఒళ్ళుమండే విషయం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్, షుగర్, మూర్ఛ, పక్షవాతం వంటి జబ్బులు మా మందుతో తగ్గుతాయని ప్రకటన వేయడమే నేరం. కాబట్టి యాడ్‌లో క్యాన్సర్ మాట కనిపిస్తే కంపెనీ ఎలాంటిదో అక్కడే తెలిసిపోయింది. స్క్రీన్‌షాట్ తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు పంపండి. డబ్బు కట్టి మోసపోయి ఉంటే 1915కు ఫోన్ చేయండి, అది కేంద్రం నడిపే వినియోగదారుల హెల్ప్‌లైన్.

క్యాన్సర్ నొప్పికి గంజాయి నూనె అడిగే కుటుంబాలకు నేను మొదట చెప్పేది మార్ఫిన్ సంగతి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం సవరించాక మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి ఆరు మందులకు దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది. గుర్తింపు పొందిన ఆస్పత్రిలో, శిక్షణ ఉన్న డాక్టరు రాస్తే మాత్రలు ఇంటికి తెచ్చుకోవచ్చు. మన జిల్లా వాళ్ళు ఎలాగూ కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, తిరుపతి స్విమ్స్‌కో, వేలూరుకో పోతుంటారు. అక్కడ "పాలియేటివ్ కేర్ ఎవరు చూస్తారు, మార్ఫిన్ మాత్ర మీ దగ్గర ఇస్తారా" అని ఈ మాటలతోనే అడగండి, పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం. అడగనిదే ఎవరూ చెప్పరు.

షాపువాళ్ళకు, నాలుగు మాటలు

ఆయుర్వేద మందులు అమ్మడానికి అల్లోపతికి లాగా 20, 21 ఫారాల సేల్ లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఎవరైనా పెట్టుకోవచ్చనే రెప్ మాట వినడానికి బాగానే ఉంటుంది. మందు మీది లైసెన్సు సరైనది కాకపోతే ఇబ్బంది పడేది అరలో సరుకున్న మనం. రెప్‌ను మూడు కాగితాలు అడగండి: తయారీదారు లైసెన్సు కాపీ, ఆ లైసెన్సు కింద ఈ ప్రాడక్టుకు అనుమతి ఉన్నట్టు చూపే జాబితా, ఈ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు. లైసెన్సు ఉన్నా ఈ సీసా ఆ జాబితాలో లేకపోవచ్చు, అందుకే రెండోది. మొన్నామధ్య ఒక అబ్బాయి "రేపు వాట్సాప్ చేస్తా మేడం" అని పోయాడు. ఇంతవరకు రేపు రాలేదు.

కొంటే బిల్లుతోనే కొనండి, బిల్లు మీద బ్యాచ్ ఉండాలి. అమ్మితే చీటీ చూసి, మీ బిల్లు మీద పేషెంటు పేరు, డాక్టరు పేరు, బ్యాచ్ రాసి అమ్మండి. చీటీ ఫొటో ఉంచుకోండి. కౌంటర్ అద్దంలో ఆకుపచ్చ ఆకు బొమ్మ డబ్బాలు వరసగా పేర్చొద్దు. కాలేజీ పిల్లలు ఆ బొమ్మ చూసే వస్తారు, వాళ్ళకు కావాల్సింది మందు కాదు. నేనైతే తాళం వేసే బీరువాలోనే పెడతా. స్టాకుకు వేరే పుస్తకం రాయాలని రూల్ ఏదీ అడగకపోయినా రాస్తా. తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ పుస్తకం చూపిస్తే మాట త్వరగా తేలిపోతుంది.

రైతులకు

ఒక రోజు సాయంత్రం షాపులో జరిగిన మాటలు, దాదాపు ఉన్నదున్నట్టు:

"పాపా, ఒకాయన వచ్చినాడు. మెడికల్ గంజాయంట, విత్తనం ఆయనే ఇస్తాడంట, కొనేది ఆయనేనంట. స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాసిస్తాడంట."

"ఆ పేపర్ మీద సర్కారు సంతకం ఉంటాదా మామా?"

"ఆయన సంతకం ఉంటాది."

"పట్టుకునేటప్పుడు ఆయన యాడుంటాడు?"

మామ నవ్వినాడు గానీ లేచి పోలేదు. ఆయన పోయిన ఏడు పసుపులో పోగొట్టుకున్నది నాకు తెలుసు, అందుకే కూర్చోబెట్టి చెప్పినా.

చట్టం ఇట్లా ఉంటుంది. గంజాయి మొక్క సాగును అనుమతించే అధికారం 10వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానిది. నార కోసం, విత్తనం కోసం, ఉద్యాన అవసరాల కోసం ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి సాగుకు ఒప్పుకోవచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. ఉత్తరాఖండ్ ఆ దారిలో పోయి 2018లో లైసెన్సు ఇచ్చింది. అక్కడ కూడా పెంచేది టీహెచ్‌సీ 0.3 శాతం దాటని పారిశ్రామిక హెంప్. హిమాచల్ ప్రదేశ్‌లో 2024లో అసెంబ్లీ కమిటీ నివేదికను ఆమోదించింది. 2025 జనవరిలో కేబినెట్ ఒప్పుకున్నది కూడా పాలంపూర్, నౌణి విశ్వవిద్యాలయాలు చేసే ప్రయోగాత్మక అధ్యయనానికే. జమ్మూలో సీఎస్ఐఆర్ వాళ్ళ ఐఐఐఎం సంస్థ చాఠా క్షేత్రంలో పరిశోధన కోసం పెంచుతోంది. ఇవన్నీ అక్కడివి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు దరఖాస్తు పెట్టుకుని మందు కోసం గంజాయి వేసే పథకం, నేనిది రాసే నాటికి, లేదు. ఉత్తరాఖండ్ లైసెన్సు జిరాక్సు తెచ్చి దువ్వూరులో చూపించినా అది దువ్వూరు భూమికి పనికిరాదు.

రేపు ఎప్పుడైనా పథకం రావచ్చు. వచ్చిందని ఎవరైనా చెబితే జీవో నంబరు అడగండి. ఆ నంబరు తీసుకుని రైతు సేవా కేంద్రంలో, తర్వాత కలెక్టరేట్‌లో చూపించి నిజమా అని రాతపూర్వకంగా అడగండి. జీవో అనగానే బ్రోకరు గొంతు మారుతుంది, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సాగు చేస్తే 20వ సెక్షన్ కింద 10 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పంటను జప్తు చేసి తగలబెడతారు. కంది, పత్తి, మిరప సాళ్ళ మధ్య నాలుగు మొక్కలు వేస్తే ఎవరికి కనపడతాయనుకుని పట్టుబడినవాళ్ళ వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. డ్రోన్లతో వెతుకుతున్న కాలం ఇది.

కౌలుకు ఇచ్చిన భూస్వాములు ఇంకో సెక్షన్ తెలుసుకోవాలి, 46. తన భూమిలో గంజాయి మొక్క అక్రమంగా పెరుగుతోందని తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పడం భూమి గలవాడి బాధ్యత. తెలిసీ ఊరుకుంటే అదే నేరం. సర్పంచులకు, గ్రామ అధికారులకు 47వ సెక్షన్ అదే బాధ్యత పెట్టింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ కౌలు డబ్బు ఫోన్ పేలో తీసుకునేవాళ్ళు పంటకు ఒకసారైనా చేను చూసి పోండి. కౌలు కాగితంలో ఏ పంట వేస్తాడో రాయించండి. చెప్పాల్సి వస్తే గంజాయి, డ్రగ్స్‌ను పట్టుకునే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది, కేంద్రపు డ్రగ్స్ హెల్ప్‌లైన్ 1933.

మందుమొక్కలే వేయాలనుకుంటే అశ్వగంధ ఉంది, మన రాయలసీమ నేలల్లో, తక్కువ నీళ్ళతో వస్తుంది. లైసెన్సు గొడవ లేదు. నేషనల్ మెడిసినల్ ప్లాంట్స్ బోర్డు పథకాల గురించి ఉద్యాన శాఖలో అడగొచ్చు. లక్షలు మాత్రం రావు, ముందే చెబుతున్నా. కొనేవాడు ఎవరో, వేరుకు ఏ ధర ఇస్తాడో విత్తకముందే మాట్లాడుకోండి.

ప్రయాణంలో, మరీ ముఖ్యంగా కువైట్ పోయేవాళ్ళు

ఊళ్ళ మధ్య ప్రయాణాల్లో మందు వెంట ఉంటే డబ్బా పారేయకండి. సీసా ఒక్కటే సంచిలో వేసుకుని పోయి, లేబుల్ నూనెకు తడిసి చెరిగిపోతే పోలీసుకు ఏమని చెబుతారు? డబ్బా, బిల్లు, చీటీ మూడూ ఒకే కవర్లో ఉంచండి. నెలకు సరిపడా మాత్రమే పెట్టుకోండి. పక్కింటివాళ్ళకు నొప్పి అంటే చుక్కలు పోసి ఇవ్వొద్దు, చీటీ మీ పేరు మీద ఉంది.

రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచి కువైట్, సౌదీ, దుబాయ్ పోయేవాళ్ళు నా దగ్గర ఏడాది మందులు ఒకేసారి కడతారు. వాళ్ళలో ఒకామె మొన్న ఈ నూనె కూడా పెట్టమంది. నేను పెట్టలేదు. ఇక్కడ ఆకు మినహాయింపు, ఆయుష్ లైసెన్సు, బీఏఎంఎస్ చీటీ అన్నీ ఉన్నా, అవి చెన్నై ఎయిర్‌పోర్టు దాటాక ఉత్త కాగితాలు. దేశం దాటించడాన్ని మన చట్టమే వేరే నేరంగా చూస్తుంది. గల్ఫ్ దేశాల్లో చాలా చోట్ల సీసాలో కొంచెం టీహెచ్‌సీ ఉన్నా అది మాదకద్రవ్యమే. కువైట్‌లో మాదకద్రవ్యాల రవాణాకు ఉరిశిక్ష దాకా ఉంది. హెంప్ గింజలు, హెంప్ నూనె, హెంప్ సబ్బు కూడా పెట్టుకోవద్దు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు అక్కడెవరూ చదవరు.

గంజాయి ఒక్కటే కాదు, ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలూ దగ్గు సిరప్‌లూ కూడా అక్కడ కంట్రోల్డ్ మందులే. మోకాళ్ళ నొప్పికి ఏం తీసుకుపోవచ్చో ఇక్కడి డాక్టరు చేత ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో రాయించుకోండి. వీసా ఇప్పించిన ఏజెంటు చేత ఆ దేశపు రూల్ కనుక్కోండి. "మా అక్కకు ఇవ్వు, ఊరగాయే" అని బస్టాండులో ఎవరైనా జాడీ ఇస్తే మొహమాటపడొద్దు. అక్కడే మూత తీయించి, గరిటె పెట్టి అడుగు దాకా కలిపి చూడండి. ఒప్పుకోకపోతే జాడీ అక్కడే వదిలేసి బస్సెక్కండి.